బేస్‌బాల్‌లో ఒక సీజన్‌లో అత్యధిక వాక్‌లు ఎవరికి వచ్చాయి? అన్ని ఎలా వచ్చాయి?

2004లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ బ్యాటర్ బ్యారీ బాండ్స్‌కు వచ్చిన 232 వాక్‌లే మేజర్ లీగ్‌లో ఒక సీజన్ రికార్డు. స్ట్రైక్ జోన్ (బ్యాటర్ మోకాళ్ల నుంచి ఛాతీ దాకా, ప్లేట్ మీదుగా ఉండే ప్రాంతం) బయట పడ్డ నాలుగు బంతులను బ్యాటర్ ఆడకుండా వదిలేస్తే ఫస్ట్ బేస్ ఉచితం, అదే వాక్. బాండ్స్‌కు ఓపిక ఎక్కువే, కానీ అసలు సంగతి ప్రత్యర్థుల భయం. ఆ 232లో 120 వాళ్లు కావాలని ఇచ్చినవే, హోమ్ రన్ తినడం కన్నా ఒక బేస్ పోవడమే నయమని. 1998 మేలో అరిజోనా జట్టయితే మరీ తెగించింది: తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌లలోనూ రన్నర్లు నిండి ఉన్నా, వాక్ ఇస్తే అందరూ ఒక బేస్ ముందుకు జరిగి ఒక రన్ పోతుందని తెలిసీ అతనికి వాక్ ఇచ్చేసి, 8-7తో గట్టెక్కింది.

వాక్‌లతో బ్యాటింగ్ సగటు (లెక్కలోకి వచ్చే ప్రయత్నాల్లో ఎన్ని హిట్‌లు అనే నిష్పత్తి) తగ్గుతుందనుకుంటారు చాలామంది. అవి ఆ లెక్కలోకే రావు. ఆన్-బేస్ శాతంలో, అంటే బ్యాటర్ ఎంత తరచుగా బేస్ చేరాడో చెప్పే లెక్కలో మాత్రం కలుస్తాయి. 2004లో బాండ్స్ సగటు .362, ఆన్-బేస్ .609.