మగ్గం వర్కా, కంప్యూటర్ వర్కా? ముందు గుడ్డను చూడండి

కంచిపట్టు బ్లౌజు ముక్క, ఆర్గంజా (పారదర్శకంగా, బిగువుగా ఉండే పల్చటి గుడ్డ) బ్లౌజు, ఆఫీసుకు వేసుకునే కాటన్ కుర్తా, మూడింటికీ ఒకే డిజైన్ మగ్గం వర్క్ (చట్రానికి బిగించి చేత్తో కుట్టే ఎంబ్రాయిడరీ) చేయించనా అని అడిగారు. వద్దు. మూడూ మూడు రకాల గుడ్డలు.

కంచిపట్టుకు మగ్గం వర్కే మేలు (బెంగళూరు షాపుల బోర్డుల మీద ఆరి వర్క్ అని ఉంటుంది). నేత చిక్కన కాబట్టి జర్దోసీ (లోహపు తీగ చుట్టలు), కట్ బీడ్స్ (చిన్న గొట్టపు పూసలు) బరువు ఆపుతుంది. కానీ నేరుగా మగ్గం షాపుకు వెళ్లకండి. ముందు మీ టైలర్‌కి కొలత బ్లౌజు ఇచ్చి మెడ, చేతులు, చంక, సైడు గీతలు గీయించండి. కుట్టు గీతకు అర అంగుళం ముందే పూసలు ఆగిపోవాలి. గీత మీద పూస ఉంటే మిషన్ సూది విరుగుతుంది. లేదంటే టైలర్ ఆ పూసను చితక్కొట్టి తీస్తాడు, పక్క పూసల దారం వదులవుతుంది. సైడ్లలో అంగుళంన్నర వదిలించండి, తర్వాత వదులు చేసుకోవచ్చు. ముక్క చిన్నదైతే చట్రానికి బిగించడానికి చాలదు, అంచులకు పాత కాటన్ పట్టీలు కుట్టించాలి.

డిజైన్ అచ్చు వేయడానికి బటర్ పేపర్‌ను సూదితో గుచ్చి, కిరోసిన్‌లో కలిపిన పొడి రుద్దుతారు. ముదురు రంగుకు తెల్ల పొడి, లేత రంగుకు నీలం. ఆ నీలం లేత పట్టు మీద ఒక్కోసారి పోదు. ముందు ఓ మూల చుక్క పెట్టించి చూడండి.

వర్క్ చేతికొచ్చాక లైనింగ్ వేయకముందే తిరగేసి చూడండి. ఆరి సూదితో వేసేది గొలుసు కుట్టు. చివర ముడి సరిగ్గా పడకపోతే ఒక కొస లాగితే వరసంతా ఊడొస్తుంది. కుందన్లు గమ్‌తో అంటించారా, చుట్టూ కుట్టారా అన్నదీ అడగండి. అంటించినవి డ్రై క్లీనింగ్‌లో రాలతాయి.

ఆర్గంజా మీద పూసలు వేస్తే గుడ్డ జారుతుంది, వెనక ముడులు ముందుకు కనిపిస్తాయి. కంప్యూటర్ వర్క్‌లో (మిషన్ ఎంబ్రాయిడరీలో) నిండుగా పోసిన పువ్వు చుట్టూ ముడతలు తేలతాయి. సన్నని గీతల డిజైన్, నాలుగు చమ్కీలు చాలు. నీళ్లలో కరిగే బ్యాకింగ్ (కుట్టేటప్పుడు గుడ్డ వెనక పెట్టే పొర) వాడమనండి. అయితే అది పాలిస్టర్ ఆర్గంజాకే. పట్టు ఆర్గంజాను నీళ్లలో ముంచితే బిగువు పోవచ్చు.

కాటన్ కుర్తాకు కంప్యూటర్ వర్క్ చాలు, రోజూ ఉతకాలి కదా. గుడ్డను ముందే నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి ఇవ్వండి. కాటన్ కుదించుకుపోతుంది, పాలిస్టర్ దారం కుదించుకోదు. అందుకే మొదటి ఉతుకుకే డిజైన్ చుట్టూ గుడ్డ ముడుచుకుపోతుంది. అదే గుడ్డ ముక్క మీద శాంపిల్ అడగండి. వెనక్కి తిప్పితే పట్టీ కుట్టు (దారాలు పక్కపక్కనే నిండుగా పడే కుట్టు) మధ్యలో బాబిన్ తెల్లదారం (మిషన్ కింది దారం) మూడో వంతు కనబడాలి. ముందువైపే తెల్లచుక్కలు వస్తున్నాయంటే పైదారం మరీ బిగుతుగా ఉందన్నమాట, సరిచేయించాకే అసలు గుడ్డ ఇవ్వండి.

ఓపికుంటే కుర్తా మెడకు కర్ణాటకలో ధార్వాడ వైపు చేసే కసూతి చేతి ఎంబ్రాయిడరీ చేయించండి. అచ్చు వేయరు, గుడ్డ పోగులు లెక్కపెట్టి కుడతారు, ముడి ఉండదు. అందులో గవంతి కుట్టయితే (ఒకసారి ముందుకు కుట్టి, తిరిగొస్తూ ఖాళీలు నింపేది) రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది, లోపల ఒంటికి గుచ్చుకోదు.