ఆటల మాస్టారి జవాబులు: బార్సిలోనా బి టీమ్, లా మాసియా

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బార్సిలోనా ఫుట్‌బాల్ కుర్రాడు లమీన్ యమాల్ చుట్టూనే తిరిగాయి. క్రికెట్ ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే సంచిక దాకా కాస్త ఓపిక పట్టాలి.

ప్రశ్న: సార్, 2024-25లో బార్సిలోనా సీనియర్ టీమ్ స్పెయిన్ మొదటి డివిజన్ లీగ్ అయిన లా లీగా గెలిచింది. అదే సీజన్‌లో వాళ్ల బి టీమ్, అదే బార్సా అట్లెటిక్, మూడో డివిజన్ నుంచి నాలుగో డివిజన్‌కు పడిపోయింది. యమాల్ లాంటివాళ్లు పదిహేనేళ్లకే పెద్ద టీమ్‌లోకి వెళ్లిపోతుంటే మధ్యలో ఈ బి టీమ్ దేనికి? అకాడమీ నుంచి నేరుగా తీసుకోవచ్చు కదా?
- ఇంజినీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: బి టీమ్ ఇలా పడటం ఇదే మొదటిసారి కాదు నాయనా. 2007లోనూ అచ్చం ఇలాగే మూడో డివిజన్ నుంచి నాలుగో డివిజన్‌కు జారింది. అప్పుడు కోచ్‌గా ఏ అనుభవమూ లేని పెప్ గార్డియోలా చేతికి దాన్ని అప్పగించారు. ఆ స్థాయిలో ఆట ఎలా ఉంటుందంటే, చిన్న చిన్న ఊళ్ల గ్రౌండ్లు, గీతకు ఆనుకుని నిలబడి తిట్టే జనం, ఎదురుగా ముప్పై దాటిన మొరటు డిఫెండర్లు. వాళ్లలో చాలామంది పగలు ఏదో ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చేవాళ్లే. బార్సిలోనా జెర్సీ వేసుకుని వచ్చిన కుర్రాడికి చీలమండ మీద ఒక్కటిచ్చి పంపితే వాళ్లకదో సంతృప్తి.

ఆ టీమ్‌లో సెర్జియో బుస్కెట్స్, పెడ్రో ఆడారు. ఆ సీజన్‌లోనే పై డివిజన్‌కు వచ్చేశారు. 2008లో గార్డియోలా సీనియర్ టీమ్ కోచ్ అవుతూ ఇద్దరినీ పైకి తీసుకున్నాడు. 2010 జూలైలో జొహానెస్‌బర్గ్‌లో ప్రపంచకప్ ఫైనల్‌కు స్పెయిన్ దింపిన పదకొండు మందిలో ఇద్దరూ ఉన్నారు. నాలుగో డివిజన్ నుంచి అక్కడికి రెండేళ్లు.

బి టీమ్ ఎందుకో ఇందులోనే ఉంది. అకాడమీలో కుర్రాడు పద్దెనిమిదేళ్ల దాకా తన ఈడువాళ్లతోనే ఆడతాడు. బార్సిలోనా అకాడమీ లా మాసియా కుర్రాళ్లు బంతి ఆడే తీరుకు ఆ ఈడులో మామూలు టీమ్‌లు నిలవలేవు, అయిదారు గోల్స్ తేడాతో గెలవడం వాళ్లకు అలవాటే. అలా గెలిచి గెలిచి వచ్చినవాడు ఒక మగాడి భుజం తగిలితే ఏమవుతాడో ఎక్కడో ఒకచోట చూడాలి. సీనియర్ టీమ్‌లో చూద్దామంటే తొంభై వేల మంది ముందు, టైటిల్ పోటీ మధ్యలో చూడాలి. ఆ సాహసం యమాల్ లాంటి వాడి మీదే చేస్తారు. అతన్ని చూసి మిగతావాళ్లకు లెక్క కడితే ఎలా?

ఫెర్మిన్ లోపెజ్‌ను చూడు. 2022-23లో బి టీమ్‌లో కూడా ఉంచుకోకుండా అతన్ని లినారెస్ అనే మూడో డివిజన్ క్లబ్‌కు లోన్ మీద పంపారు. చాలామంది ఇక ఇతని పని అయిపోయిందనే అనుకుని ఉంటారు. అక్కడ గోల్స్ మీద గోల్స్ కొట్టి తిరిగొచ్చాడు. 2024లో యూరో కప్ గెలిచిన స్పెయిన్ టీమ్‌లోనూ, పారిస్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన టీమ్‌లోనూ ఉన్నాడు.

ఇక ఈసారి ఎందుకు పడిపోయిందంటావా? అంతకుముందు సీజన్‌లో అదే బి టీమ్ రెండో డివిజన్‌లోకి వెళ్లే ప్లేఆఫ్ ఫైనల్ దాకా వచ్చి కోర్దోబా చేతిలో ఓడింది. ఆ తర్వాత ఆ టీమ్ నుంచి మార్క్ కసాడో, మార్క్ బెర్నాల్, గెరార్డ్ మార్టిన్ సీనియర్ టీమ్‌లోకి వెళ్లారు. పావు కుబార్సీ అప్పటికే పైన ఉన్నాడు. ఆవు పాలు పిండుకున్నాక దూడకు ఏం మిగులుతుంది? అయితే "పిల్లలు పైకి వచ్చారుగా, టీమ్ పడితే పడనీ" అనే అభిమానులతోనూ నేను ఏకీభవించను. మూడో డివిజన్‌లో ఆడటానికీ నాలుగో డివిజన్‌లో ఆడటానికీ తేడా ఉంది. ప్రత్యర్థి స్థాయి తగ్గేకొద్దీ కుర్రాడు నేర్చుకునేదీ తగ్గుతుంది. ఏ ఏడాదికి ఆ ఏడాది ఒక గార్డియోలా దొరకడు.

ప్రశ్న: బి టీమ్ రెండో డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిస్తే లా లీగాలోకి వచ్చి సొంత సీనియర్ టీమ్‌తోనే ఆడుతుందా?
- బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: రానివ్వరండి. స్పెయిన్‌లో ఒకే క్లబ్బుకు చెందిన రెండు టీమ్‌లు ఒకే డివిజన్‌లో ఉండకూడదు. 2010-11లో లూయీస్ ఎన్రికే కోచ్‌గా ఉండగా బార్సిలోనా బి రెండో డివిజన్‌లో మూడో స్థానంలో నిలిచింది. వేరే క్లబ్బయితే ప్లేఆఫ్ ఆడేది, వీళ్లు బూట్లు విప్పేసి ఇంటికి వెళ్లారు. 1983-84లో రియల్ మాడ్రిడ్ బి టీమ్ కాస్టియా ఏకంగా రెండో డివిజన్ ఛాంపియనే అయింది. అయినా అక్కడే ఉండిపోయింది. ఈ నియమం కిందివైపు కూడా పనిచేస్తుంది. ఇందాక చెప్పిన 2007లో బి టీమ్ నాలుగో డివిజన్‌కు పడేసరికి అక్కడ అప్పటికే బార్సిలోనా సి టీమ్ ఉంది. దాంతో సి టీమ్‌నే రద్దు చేశారు. అన్న ఓడిపోతే తమ్ముడి చదువు మాన్పించారన్నమాట!

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ 1980 నాటిది. అప్పట్లో బి టీమ్‌లు కూడా స్పెయిన్ కింగ్స్ కప్‌లో ఆడేవి. కాస్టియా కుర్రాళ్లు అథ్లెటిక్ బిల్బావ్, రియల్ సొసియెదాద్ లాంటి మొదటి డివిజన్ టీమ్‌లను ఓడించుకుంటూ ఫైనల్‌కు వచ్చారు. ఎదుట ఎవరున్నారు? సొంత సీనియర్ టీమ్ రియల్ మాడ్రిడ్. స్టేడియం కూడా సొంత బెర్నబ్యూనే. 6-1తో పెద్దవాళ్లు గెలిచారు. అయితే వాళ్లు లీగ్ కూడా గెలవడంతో దేశాల లీగ్ విజేతలు ఆడే యూరోపియన్ కప్‌కు వెళ్లారు, దేశాల కప్ విజేతలు ఆడే కప్ విన్నర్స్ కప్‌లో ఆడే అవకాశం ఓడిన కాస్టియాకు దక్కింది. అక్కడ లండన్ క్లబ్ వెస్ట్‌హామ్‌ను మాడ్రిడ్‌లో 3-1తో ఓడించారు. ఆ మ్యాచ్‌లో వెస్ట్‌హామ్ అభిమానులు చేసిన గొడవకు శిక్షగా రెండో మ్యాచ్‌ను లండన్‌లో ఖాళీ స్టేడియంలో ఆడించారు. అదనపు సమయం దాకా వెళ్లిన ఆ మ్యాచ్‌లో కాస్టియా 5-1తో ఓడింది. 1990 నుంచి బి టీమ్‌లను ఆ కప్‌లోకి రానివ్వడం లేదు. న్యాయం ప్రకారం సరైనదే అయి ఉండొచ్చు, కథల ప్రకారం మాత్రం నష్టమే.

ప్రశ్న: యమాల్ మొదటి మ్యాచ్‌లో 41 నంబరు వేసుకున్నాడు. తర్వాత 27, ఆ తర్వాత 19, ఇప్పుడు 10. జ్యోతిషం ఏమైనా ఉందా?
- పేరు వద్దన్న పాఠకుడు, కాకినాడ

జవాబు: జ్యోతిషం కాదు, రిజిస్ట్రేషన్. లా లీగాలో 1 నుంచి 25 దాకా నంబర్లు సీనియర్ టీమ్‌లో నమోదైన వాళ్లవి. కింది టీమ్‌ల రిజిస్ట్రేషన్‌తో పైకి వచ్చి ఆడేవాళ్లకు 26 నుంచి పై నంబర్లు ఇస్తారు. మెస్సీ కూడా 30తో మొదలై, 19 మీదుగా 10కి వచ్చాడు.

ప్రశ్న: మాస్టారూ, మా బాబుకు పన్నెండేళ్లు. జిల్లా స్థాయిలో బాగా ఆడుతున్నాడు. ఒక ఏజెంటు బార్సిలోనా తీసుకెళ్లి ట్రయల్స్ ఆడించి లా మాసియాలో సీటు ఇప్పిస్తానంటున్నాడు. ఖర్చు పెద్దది, పొలం అమ్మాలి. మెస్సీ కూడా పదమూడేళ్లకే అర్జెంటీనా నుంచి వెళ్లాడు కదా అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: పొలం అమ్మకండి. ఈ జవాబు చదవడం పూర్తయ్యేదాకా ఆ ఏజెంటు ఫోను కూడా ఎత్తకండి.

ఫిఫా నిబంధనల్లో ఆర్టికల్ 19 అని ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాణ్ని ఒక దేశం నుంచి ఇంకో దేశపు క్లబ్బులో నమోదు చేయకూడదు అన్నది దాని సారం. మినహాయింపులు కొన్నే. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి వెళ్లి స్థిరపడితే ఒకటి. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య మారే పదహారు దాటిన పిల్లలకు ఒకటి. సరిహద్దుకు అటూ ఇటూ దగ్గరగా ఉండేవాళ్లకు ఒకటి. శరణార్థి పిల్లల్లాంటి మరికొందరికి ఇంకొన్ని. ఖమ్మం జిల్లా నుంచి సీటు కొనుక్కుని వెళ్లే పిల్లాడు వీటిలో దేని కిందికీ రాడు.

మెస్సీ సంగతి నిజమే. 2000 డిసెంబరులో మెస్సీని తీసుకుంటామని బార్సిలోనా క్లబ్బు అధికారి కార్లెస్ రెషాక్ పేపర్ నాప్‌కిన్ మీద రాసిచ్చిన హామీ కథ మీరూ వినే ఉంటారు. కానీ పిల్లల బదిలీల మీద ఫిఫా ఈ కట్టడి తెచ్చింది ఆ మరుసటి ఏడాదే. ఆ తలుపు మూసేసి పాతికేళ్లు కావస్తోంది, ఏజెంట్లు మాత్రం ఇప్పటికీ దాన్నే చూపిస్తున్నారు.

నియమం కాగితం మీదే ఉంటుందిలే, పెద్ద క్లబ్బు ఏదో ఒకటి చేస్తుంది అనుకోవద్దు. 2014లో ఈ నియమం కిందే బార్సిలోనాకు శిక్ష పడింది. 4,50,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా, రెండు ట్రాన్స్‌ఫర్ విండోల్లో, అంటే ఆటగాళ్ల బదిలీకి ఇచ్చే గడువుల్లో, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం. అంతకన్నా ఎక్కువ దెబ్బ తిన్నది పిల్లలు. పదేళ్లకే ప్రతిభతో ఎంపికై జపాన్ నుంచి లా మాసియాకు వచ్చిన తకెఫుసా కుబో మ్యాచ్‌లు ఆడే వీల్లేక 2015లో తిరిగి స్వదేశం వెళ్లిపోయాడు. కొరియా నుంచి వచ్చిన లీ సుంగ్‌వూ పద్దెనిమిది నిండేదాకా అధికారిక మ్యాచ్‌లకు దూరమయ్యాడు. వీళ్లను క్లబ్బే కావాలని తెచ్చుకుంది, అయినా నిలబెట్టుకోలేకపోయింది. ఇక మీ ఏజెంటు ఏం చేస్తాడు?

ఇంకో మాట. పెద్ద క్లబ్బుల పేరుతో డబ్బు కట్టి చేరే సమ్మర్ క్యాంపులుంటాయి. జెర్సీ ఇస్తారు, ఫొటో ఇస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు. పిల్లలకు సరదాగానే ఉంటుంది. కానీ ఆ క్యాంపు వేరు, లా మాసియా వేరు. మీ ఏజెంటు చెప్పే 'ట్రయల్స్' బహుశా ఇదే అయి ఉంటుంది.

మరి బాబును ఏం చేయాలి? ముందు అతను ఆడుతున్న అకాడమీ పిల్లల్ని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వారి ఆటగాళ్ల నమోదు వ్యవస్థ సీఆర్ఎస్‌లో నమోదు చేయిస్తోందో లేదో కనుక్కోండి. ఆ నమోదు లేకుండా సమాఖ్య లీగుల్లో ఆడించరు. ఏడాదికి ఎన్ని అసలు మ్యాచ్‌లు ఆడిస్తున్నారో అడగండి, ప్రాక్టీసు గంటలు కాదు. రిజర్వ్ టీమ్‌ల పద్ధతి మన దగ్గరా ఉంది. 2022లో గోవాలో మొదలైన రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ క్లబ్బుల కుర్ర టీమ్‌ల కోసమే, మొదటి ఏడాది హైదరాబాద్ ఎఫ్‌సీ కుర్రాళ్లూ ఆడారు. అలాంటి టీమ్‌ల సెలెక్షన్స్ ఎక్కడ జరుగుతున్నాయో కన్నేసి ఉంచండి. చదువు ఆపించొద్దు.

ప్రశ్న: లా మాసియాలో అమ్మాయిలు ఉంటారా? మా పాప అడగమంది.
- ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: ఉంటారమ్మా, ఈమధ్యే. 1979లో బార్సిలోనా స్టేడియం కాంప్ నౌ పక్కన 1702 నాటి పాత రైతు ఇంట్లో మొదలైన ఆ హాస్టల్ 2011లో కొత్త భవనంలోకి మారింది. అమ్మాయిలకు అందులో గదులు ఇచ్చింది మాత్రం 2021లో. వరుసగా 2023, 2024, 2025ల్లో ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణికి ఇచ్చే బాలన్ డి'ఓర్ అవార్డు గెలిచిన ఐతానా బొన్మాతి చిన్నప్పుడు బార్సిలోనా అకాడమీలోనే నేర్చుకుంది. కానీ హాస్టల్ లేదు కాబట్టి తండ్రిని వెంటబెట్టుకుని బస్సులు పట్టుకుని ప్రాక్టీసుకు వచ్చి వెళ్లేది. మీ జిల్లాకే చెందిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఎంపికైంది. పాపకు ఆమె మ్యాచ్‌లు చూపించండి. ఏ పొజిషన్‌లో ఆడుతుందో ఈసారి ఉత్తరంలో రాయమనండి.