కోర్స్ ఎర్రర్ పోయింది సరే, మీ కుకీ ఎక్కడికి పోతోంది?

ప్రశ్న: గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ చేస్తుంటాం. యజమాని లాగిన్ అయితే ఏ రైతువి ఎన్ని బస్తాలున్నాయో, అద్దె ఎంత రావాలో కనిపిస్తుంది. అదే పేజీలో ఇంకో కంపెనీ వాతావరణ ఏపీఐ (ప్రోగ్రామ్‌లు డేటా అడిగి తెచ్చుకునే దారి) నుంచి తేమ, వాన వివరాలు చూపిద్దామనుకున్నాం. పోస్ట్‌మ్యాన్‌లో (ఏపీఐని పరీక్షించే ప్రోగ్రామ్) డేటా వస్తోంది, బ్రౌజర్‌లో మాత్రం కోర్స్ (CORS: ఒక సైట్ పేజీ తన డేటా చదవడానికి ఇంకో సైట్ ఇచ్చే అనుమతి) ఎర్రర్. ల్యాప్‌టాప్‌లో డెవలప్‌మెంట్ సర్వర్ ప్రాక్సీతో నడిచింది. అసలు సర్వర్‌లో ఎంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) రివర్స్ ప్రాక్సీ, అంటే బ్రౌజర్ అడిగింది అవతలి సర్వర్ నుంచి తెచ్చిచ్చే మధ్యవర్తి, పెడితే 404 (అడిగింది దొరకలేదన్న జవాబు) వస్తోంది. తప్పెక్కడ? అసలు ఈ పద్ధతి సేఫేనా?

జవాబు: ఇదే ఎర్రర్ గురించి నెలకోసారైనా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందరూ అడిగేది దాన్ని ఎలా పోగొట్టాలనే. సేఫేనా అని అడిగింది మీరొక్కరే. అందుకే ఈసారి మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి దీనికే జాగా ఇస్తున్నాను.

404 సంగతి ముందు తేల్చేద్దాం. ఎంజిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ పాస్ అడ్రస్ చివర స్లాష్ ఉంటే, లొకేషన్‌లో మీరు రాసిన ముక్క తీసేసి మిగతా దారిని అవతలికి పంపుతుంది. డొమైన్ పేరుతోనే ఆపేసి స్లాష్ పెట్టకపోతే, మీ ముక్కతో సహా మొత్తం దారి వెళ్తుంది. అవతలి సర్వర్‌లో ఆ పేరుతో ఏమీ ఉండదు కాబట్టి 404. స్లాష్ పెట్టాక కూడా రాకపోతే హోస్ట్ హెడర్ (ఏ సైట్ కావాలో రిక్వెస్ట్‌తో పాటు చెప్పే లైన్) చూడండి. సొంత బ్యాకెండ్ కోసం రాసిన కాన్ఫిగ్‌ను కాపీ చేస్తే, అందులో మీ డొమైన్ పేరునే హోస్ట్‌గా పంపే లైన్ ఉంటుంది. అవతలి కంపెనీ సర్వర్‌కు మీ డొమైన్ ఎవరో తెలియదు. ఆ లైన్ తీసేయండి. ఇక ల్యాప్‌టాప్‌లో నడిచిన డెవలప్‌మెంట్ సర్వర్ ప్రాక్సీ బిల్డ్‌లోకి రాదు. అది మీ టేబుల్ మీద మాత్రమే పనిచేసేది.

ఇప్పుడు సేఫ్టీ సంగతి. ఒక సైట్ స్క్రిప్ట్ ఇంకో సైట్ జవాబును చదవకూడదన్న నియమం 1995లో నెట్‌స్కేప్ నావిగేటర్ 2తో వచ్చింది. ప్రోటోకాల్, హోస్ట్, పోర్ట్ మూడూ కలిస్తేనే బ్రౌజర్ ఒకే ఇల్లు అనుకుంటుంది. ఆ కాపలా ఏపీఐ కంపెనీ కోసం కాదు. లాగిన్ అయి కూర్చున్న మీ యజమాని కోసం. పోస్ట్‌మ్యాన్‌లో ఆ అడ్డు లేకపోవడానికి కారణం కూడా ఇదే. అక్కడ ఏ యజమాని లాగినూ పణంగా లేదు.

రివర్స్ ప్రాక్సీ ఈ నియమాన్ని బద్దలు కొట్టదు. అవతలి సర్వర్ కూడా మీ ఇంట్లోదే అని బ్రౌజర్‌కు చెబుతుంది. బ్రౌజర్ నమ్మేస్తుంది. అప్పటిదాకా బ్రౌజర్ కాసిన కాపలా ఆ నిమిషం నుంచి మీ నెత్తిన పడుతుంది. ఈ మాట ఏ ట్యుటోరియల్‌లోనూ నాకు కనిపించలేదు, నా బాధంతా అదే.

మీరు పంపిన కాన్ఫిగ్‌నే నా మెషిన్‌లో పెట్టి చూశాను. వాతావరణ కంపెనీ స్థానంలో, తనకు వచ్చిన హెడర్లన్నీ తెర మీద అచ్చు వేసే చిన్న సర్వర్ ఒకటి పెట్టాను. ఒక డమ్మీ యూజర్‌గా లాగిన్ అయి పేజీ తెరిచాను. టెర్మినల్‌లో హోస్ట్, యూజర్ ఏజెంట్, యాక్సెప్ట్ అన్నీ వరసగా వచ్చాయి. వాటి కింద కుకీ అన్న లైన్, అందులో ఆ యూజర్ సెషన్ ఐడీ (లాగిన్ అయి ఉన్నాడని సైట్ గుర్తుపట్టే నంబర్), ఒక్క అక్షరం పోకుండా. ఆ లైన్‌ను కాపీ చేసి వేరే బ్రౌజర్‌లో అతికించాను. పాస్‌వర్డ్ అడగకుండానే బస్తాల లెక్క, అద్దె బాకీలు తెరుచుకున్నాయి.

జరిగింది ఇంతే. బ్రౌజర్ దృష్టిలో ఆ రిక్వెస్ట్ మీ సైట్‌కే వెళ్తోంది, కాబట్టి మీ కుకీలు జత చేసింది. వచ్చిన హెడర్లలో చాలావాటిని ఎంజిన్‌ఎక్స్ డీఫాల్ట్‌గా అలాగే అవతలికి దాటిస్తుంది, కుకీ కూడా అందులోదే. కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి. అది స్క్రిప్ట్ చదవకుండా ఆపుతుంది కానీ ప్రాక్సీ మోసుకుపోతే ఆపదు. ఆ వాతావరణ కంపెనీ మంచిదే అనుకుందాం. దాని లాగ్ ఫైళ్లు ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో మీ చేతిలో ఉందా? మీ రైతుల లెక్కలు తెరిచే తాళంచెవి రోజుకు ఎన్నిసార్లు పేజీ తెరిస్తే అన్నిసార్లు అక్కడికి వెళ్తోంది.

కాబట్టి ఆ లొకేషన్ బ్లాక్‌లోనే కుకీ హెడర్‌ను ఖాళీ చేసి పంపండి. మీ ఫ్రంటెండ్ ప్రతి రిక్వెస్ట్‌కూ ఆథరైజేషన్ టోకెన్ తగిలిస్తుంటే దాన్నీ ఖాళీ చేయండి. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. లొకేషన్ బ్లాక్‌లో ప్రాక్సీ సెట్ హెడర్ ఒక్కటి రాసినా చాలు, పైన సర్వర్ బ్లాక్‌లో అలాంటివి రాసినవేవీ దానికి వర్తించవు. పైన రాశాం కదా అని వదిలేస్తే కుకీ మళ్లీ బయటికి పోతుంది. మార్చాక నేను చేసినట్టు అవతలి చివర నిలబడి కళ్లారా చూడండి.

లోపలికి వచ్చేదీ అంతే ముఖ్యం. అవతలి సర్వర్ ఇచ్చిన పేజీ మీ డొమైన్ పేరు మీదే తెరుచుకుంటుంది. వాళ్ల సర్వర్ హ్యాక్ అయి, జేసన్ బదులు స్క్రిప్ట్ ఉన్న హెచ్‌టీఎంఎల్ పంపిందనుకోండి. ఆ లింక్‌ను మీ యజమానికి ఎవరైనా వాట్సాప్‌లో పంపితే, ఆ స్క్రిప్ట్ మీ సైట్ హక్కులతో నడుస్తుంది. లోకల్ స్టోరేజీలో దాచినవన్నీ చదువుతుంది. వాళ్లు సెట్ కుకీ పంపితే అది మీ డొమైన్ కుకీగా కూర్చుంటుంది. అందుకని సెట్ కుకీని ప్రాక్సీ దగ్గరే దాచేయండి. గెట్ (డేటా చదవడానికి అడిగే రిక్వెస్ట్) తప్ప మిగతా మెథడ్‌లు ఆపండి. మొత్తం ఏపీఐని కాకుండా మీకు కావలసిన ఒకటి రెండు దారులనే తెరవండి. జవాబు ఏదైనా సరే కంటెంట్ టైప్ జేసన్‌గానే బయటికి పంపి, దానికి నోస్నిఫ్ హెడర్ (చెప్పిన టైప్ కాక ఇంకోటని బ్రౌజర్ ఊహించకుండా ఆపేది) తగిలించండి. ఇవన్నీ చేసే ఓపిక లేకపోతే ప్రాక్సీని వేరే సబ్‌డొమైన్‌లో పెట్టి, మీ మెయిన్ సైట్‌కు మాత్రమే కోర్స్ అనుమతి ఇవ్వండి. అప్పుడు కూడా సెషన్ కుకీని మొత్తం డొమైన్‌కు కాకుండా మెయిన్ హోస్ట్‌కే కట్టేయాలి.

చాలామందికి తెలియనిది ఇంకొకటి. బ్రౌజర్ నేరుగా అవతలి సర్వర్‌తో మాట్లాడితే సర్టిఫికెట్ సరిచూస్తుంది. మధ్యలో ఎంజిన్‌ఎక్స్ నిలబడితే ఆ పని అది చేయాలి. డీఫాల్ట్‌గా చేయదు. ప్రాక్సీ ఎస్‌ఎస్‌ఎల్ వెరిఫై ఆన్ చేసి, నమ్మదగిన సర్టిఫికెట్ల ఫైల్ ఎక్కడుందో చెప్పాలి. అడ్రస్ బార్‌లో తాళం బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది కానీ అది మీ సర్వర్ దాకా ఉన్న దారికే.

ఏపీఐ కీని జావాస్క్రిప్ట్‌లో కాకుండా ప్రాక్సీలో పెట్టారు కాబట్టి అది బయటపడదు, ఆ మేరకు మీరు చేసింది మంచి పనే. కాకపోతే లాగిన్ లేనివాళ్లు కూడా ఆ దారిని వాడుకుంటే బిల్లు మీకు వస్తుంది. లాగిన్ తనిఖీ, రేట్ లిమిట్ (ఇంతసేపట్లో ఇన్ని రిక్వెస్ట్‌లే అన్న హద్దు) రెండూ పెట్టండి.

మీరు చేయలేదు కానీ చాలా ప్రాజెక్టుల్లో నన్ను భయపెట్టేది ఒకటుంది. యూజర్ ఇచ్చిన యూఆర్‌ఎల్ ఏదైతే దాన్నే తెచ్చిచ్చే ప్రాక్సీ. కోర్స్ బాధ ఒక్కసారిగా తీరిపోతుందని పెట్టేస్తారు. బయటివాడు దాని చేత మీ సర్వర్ లోపలి అడ్రస్‌లను కూడా తెప్పించుకోగలడు. క్లౌడ్ సర్వర్లకు 169.254.169.254 అనే లోపలి అడ్రస్ ఉంటుంది. సర్వర్‌కు ఇచ్చిన తాత్కాలిక తాళంచెవులు అక్కడ దొరుకుతాయి. 2019లో క్యాపిటల్ వన్ బ్యాంకులో సరిగా కాన్ఫిగర్ చేయని ఫైర్‌వాల్ ద్వారా లోపలి అడ్రస్‌కు రిక్వెస్ట్ పంపించే ఈ మార్గంలోనే తాళంచెవులు దొరకబుచ్చుకున్నారు. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. మరుసటి ఏడాది బ్యాంకుకు 8 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అవతలి అడ్రస్ ఎప్పుడూ మీ కాన్ఫిగ్‌లో రాసి ఉండాలి. యూజర్ చేతిలో ఉండకూడదు.

ప్రశ్న: వీడియోలో చూసి బ్రౌజర్‌ను వెబ్ సెక్యూరిటీ ఆపేసే ఫ్లాగ్‌తో తెరిచాను. ఎర్రర్ పోయింది. మా క్లయింట్‌కు కూడా అలాగే సెట్ చేసి ఇవ్వొచ్చా?

జవాబు: వద్దు. దయచేసి వద్దు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంటుంది. ఆమధ్య ఒక షాపులో బిల్లింగ్ కంప్యూటర్ చూశాను. డెస్క్‌టాప్ మీద బ్రౌజర్ ఐకాన్‌కు ఈ ఫ్లాగే తగిలించి ఉంది. సెక్యూరిటీకి నష్టమని చెప్పే పట్టీ తెరిచిన ప్రతిసారీ పైన వస్తోంది, కౌంటర్‌లో అమ్మాయి అలవాటుగా ఇంటూ కొట్టి మూసేస్తోంది. పక్క ట్యాబ్‌లో షాపు మెయిల్ తెరిచి ఉంది. సాఫ్ట్‌వేర్ చేసిచ్చినవాళ్లు తమ సర్వర్‌లో ఒక హెడర్ రాయడానికి బద్ధకించి ఆ అమ్మాయి బ్రౌజర్ కాపలా తీసేశారు. ఆ రిస్క్ ఆమెకు ఎవరూ చెప్పలేదు. చూసినప్పటి నుంచీ నాకు కోపం తగ్గలేదు.

ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే పబ్లిక్ కోర్స్ ప్రాక్సీలూ అంతే. మీ టోకెన్, మీ డేటా ఎవరిదో తెలియని మెషిన్ మీదుగా వెళ్తాయి.

మీ క్లయింట్ విషయంలో ముందు ఒకటి చూడండి. ఆ ఎర్రర్ నిజంగా కోర్స్‌దేనా? బ్యాకెండ్ కూలిపోయి 502 (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదన్న కోడ్) వస్తే, ఆ ఎర్రర్ జవాబుకు కోర్స్ హెడర్ ఉండదు. ఎంజిన్‌ఎక్స్‌లో యాడ్ హెడర్‌కు ఆల్వేస్ అని చేర్చకపోతే స్టేటస్ కోడ్ 4, 5 అంకెలతో మొదలయ్యే ఎర్రర్ జవాబులకు ఆ హెడర్ తగలదు. బ్రౌజర్ కన్సోల్ మాత్రం ఎర్ర అక్షరాల్లో కోర్స్ అనే చెబుతుంది. అది చూసి జనం రోజులకు రోజులు హెడర్లతో కుస్తీ పడతారు. నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి ఆ రిక్వెస్ట్ స్టేటస్ కోడ్ చూడండి. 5తో మొదలైతే మీ బ్యాకెండ్ లాగ్‌లో వెతకండి.