ఓజోన్ పొరను దెబ్బతీసింది మనుషులా, అగ్నిపర్వతాలా?

ప్రధానంగా మనుషులే. పాత ఫ్రిజ్‌లు, ఏసీల్లో వాడిన సీఎఫ్‌సీ వాయువులు వాన నీటిలో కరగవు కాబట్టి మెల్లగా స్ట్రాటోస్ఫియర్ (ఓజోన్ పొర ఉండే పై వాతావరణం) దాకా చేరతాయి. అక్కడ అతినీలలోహిత కిరణాల వల్ల వాటి నుంచి విడిపోయిన ఒక్కో క్లోరిన్ పరమాణువు వేల ఓజోన్ అణువులను విరగ్గొడుతుంది. అగ్నిపర్వతాల క్లోరిన్ చాలావరకు వానతోనే కిందికి దిగిపోతుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలాక ఓజోన్ కొన్నాళ్లు తగ్గిన మాట నిజమే. కానీ అక్కడా దాని గంధకపు తుంపరలు చేసింది, అప్పటికే పైన పేరుకున్న మన క్లోరిన్‌కు పని సులువు చేయడమే.

చెన్నైలో అగ్ని నక్షత్రం రోజులు, అంటే మే నెల మండుటెండలు రాగానే "ఓజోన్‌కు చిల్లు పడింది, అందుకే ఈ ఎండ" అంటుంటారు. ఆ చిల్లు ఏర్పడేది అంటార్కిటికా మీద, అదీ సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. మే నెల ఉక్కపోతకూ దానికీ సంబంధం లేదు.