ఆయనకు హెచ్‌ఐవీ, నాకు లేదు.. కలిసి ఉండొచ్చా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. నాకు 29, మా ఆయనకు 34 ఏళ్లు. హెర్నియా ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షలో ఆయనకు హెచ్‌ఐవీ బయటపడింది. నాకు, నాలుగేళ్ల బాబుకు నెగటివ్ వచ్చింది. వరంగల్ ఎంజీఎంలో మందులు మొదలుపెట్టి రెండు నెలలైంది. ఆయన వేరే గదిలో పడుకుంటున్నారు. పళ్లెం, గ్లాసు కూడా వేరు చేసుకున్నారు. అమ్మేమో పుట్టింటికి వచ్చెయ్యమంటోంది. మేం కలిసి ఉండొచ్చా? ఇంకో బిడ్డను కనొచ్చా?
- ఓ సోదరి, వరంగల్ జిల్లా

జవాబు: ముందు ఆ పళ్లెం, గ్లాసు తీసుకెళ్లి మిగతా గిన్నెల్లో కలిపేయండి. ఎంగిలితో, చెమటతో, ఒకే బాత్రూమ్ వాడితే, దోమ కుడితే హెచ్‌ఐవీ రాదు. బాబును ఆయన ఎత్తుకుని ముద్దు పెట్టుకోవచ్చు. వేరుగా ఉంచాల్సింది షేవింగ్ బ్లేడు, టూత్‌బ్రష్ లాంటి రక్తం అంటుకునే వస్తువులే.

ఇన్నాళ్లు కాపురం చేసినా మీకెందుకు రాలేదని ఇంట్లో అనుమానాలు మొదలై ఉంటాయి. కలిసిన ప్రతిసారీ వైరస్ సోకదు, చాలా జంటల్లో ఇలాగే ఉంటుంది. మీకు ‘పవర్’ ఉందని మాత్రం అనుకోవద్దు. కండోమ్ లేకుండా చివరిసారి కలిసిన మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోండి.

ఇక అసలు విషయం. ఆయన రోజూ వేసుకునే మాత్ర మీకూ కాపలా కాస్తుంది. రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గి, అలాగే నిలబడితే కలయిక ద్వారా భార్యకు సోకదు. ఇది ధైర్యం కోసం చెబుతున్న మాట కాదు. యూరప్‌లో మీలాంటి 888 జంటలను గమనించిన పరిశోధన ఫలితాలు 2016లో వచ్చాయి. వాళ్లు కండోమ్ లేకుండానే కలిశారు. మందులు వాడుతున్న భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు.

కానీ మీ ఆయన ఇంకా రెండు నెలల దగ్గరే ఉన్నారు. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష మందులు మొదలుపెట్టాక మామూలుగా ఆరు నెలలకు చేస్తారు. వైరస్ దొరకలేదని ఆ రిపోర్టు వచ్చేదాకా కండోమ్ తప్పనిసరి. ఎప్పుడైనా చిరిగితే టెన్షన్‌తో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. 72 గంటల్లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది, మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులున్నాయి.

మాత్ర విషయంలో ఒక చిన్న మెలిక. మన దగ్గర కడుపులో మంట అనగానే గ్యాస్ సిరప్ తాగేస్తారు. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న మాత్రలో డోలుటెగ్రావిర్ ఉంటుంది. ఆ సిరప్, ఐరన్, కాల్షియం బిళ్లలు దాన్ని ఒంటికి పట్టనివ్వవు. ఆయన ఇలాంటివి ఏవి వాడుతున్నా హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో చెప్పాలి. ఎవరో ఇచ్చిన పసరు మందు నమ్మి మాత్ర మానేసి, ఒళ్లు గుల్లయ్యాక వచ్చినవాళ్లను చూశాను. ఎంజీఎంలో తెలిసినవాళ్లు కనిపిస్తారని మొహమాటపడి మందులకు వెళ్లడం మానేసేవాళ్లూ ఉన్నారు. అలా అనిపిస్తే వేరే సెంటర్‌కు మార్పించుకోవచ్చు, మాత్ర మాత్రం ఆగకూడదు.

అమ్మ మాటకు వద్దాం. ఆయనకు ఎక్కడి నుంచి, ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పదు. మీకు కోపం ఉంటే అది న్యాయమే, దాన్ని మింగేయమని నేననను. కోపంతో పుట్టింటికి వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. వైరస్ భయంతో మాత్రం వెళ్లొద్దు. ఈసారి మందులకు వెళ్లినప్పుడు మీరూ వెళ్లి, ఇద్దరూ కౌన్సెలర్ దగ్గర కూర్చోండి. వీలైతే అమ్మనూ తీసుకెళ్లండి. నేరుగా అడగడానికి ఇబ్బందైతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు, ఉచితం. ఆయన వేరే గదిలో పడుకోవడం నాకు తెలిసి చాలావరకు మీకేమవుతుందోనన్న భయమే. ఒకసారి మీరే అడగండి.

బిడ్డను తప్పకుండా కనొచ్చు. తండ్రి నుంచి నేరుగా బిడ్డకు హెచ్‌ఐవీ రాదు, తల్లికి సోకితేనే బిడ్డకు ముప్పు. వైరల్ లోడ్ రిపోర్టు చేతికొచ్చిన రోజు ఏఆర్‌టీ డాక్టర్‌తో ఈ మాట ఎత్తండి. కండోమ్ ఎప్పటి నుంచి మానొచ్చో, ఏ రోజుల్లో కలవాలో చెబుతారు. ఈ నాలుగు నెలలు ఆగండి.