బీడీ కట్ట మీద ఏమీ రాయని రోజులు

“సిగరెట్ పెట్టె మీద క్యాన్సర్ బొమ్మలు చూసి నిజంగా ఎవరైనా మానేస్తారా?” అని అడిగారు. మానేస్తారు. మా ఇంట్లోనే మానేశారు. కానీ ముందు మా నాయన సంగతి చెప్పాలి.

మాది దేవరకొండ దిక్కు పల్లె. నాయన బావుల పూడిక తీసే పనికి పోయేవాడు. రోజుకు రెండు కట్టల బీడీలు. 1986లో, నేను ఆరో తరగతి. మా సారు పారేసిన సిగరెట్ పెట్టె మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, అర్థం ఆయన్నే అడిగాను. పొగ తాగితే ఆరోగ్యం పాడైతదని రాసి ఉందన్నారు. ఉరుక్కుంటూ ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. ఆయన ధోతి మడతలోంచి కట్ట తీసి నా చేతిలో పెట్టి, “దీని మీద ఏం రాసిన్రో సదువు బిడ్డా” అన్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాను. కంపెనీ పేరు, దాని గుర్తు, అంతే. “జూసినవా? గది దొరలు తాగే సిగరెట్‌కు. మనది ఆకు” అన్నాడు. అక్షరం ముక్క రాని మనిషి, ఏమీ రాయని కాగితాన్ని నమ్మి ఇంకో ఇరవై ఏళ్లు తాగాడు.

తప్పు ఆయనది కాదని ఇప్పటికీ అంటాను. 1975 చట్టం హెచ్చరిక రాయమన్నది సిగరెట్లకే, బీడీలను వదిలేసింది. బీడీ చుట్టే తునికాకు ఊరికే ఆరిపోతుంది, మాటిమాటికీ గట్టిగా గుంజాలి, పొగ ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది. అట్లాంటి దాన్ని వదిలేశారు! 2003లో కొత్త చట్టం వచ్చినా, కట్ట మీద హెచ్చరిక బొమ్మ పడింది 2009 మే 31 నుంచి. 1975 నుంచి లెక్కేస్తే 34 ఏళ్లు. అప్పటికి నాయన దమ్ము జబ్బుతో మంచం దిగట్లేదు.

ఆ మొదటి బొమ్మలైనా సరిగ్గా వేశారా? నమిలే పొగాకు మీద తేలు బొమ్మ వేశారు. అమ్మ తను నమిలే అంబర్ పొగాకు పొట్లం చూసి “తేలు కుట్టినకాడ పెట్టే మందా ఇది?” అంది. చదువు రానివాళ్ల కోసం వేసిన బొమ్మ వాళ్లకే తెలియకపోతే ఎట్లా? 2016లో పొట్లం మీద 85 శాతం మేర నోటి పుండ్ల బొమ్మ వచ్చాక ఎవరూ వివరించే పని లేకపోయింది. అది కళ్ల ముందుంటే బువ్వ సయిస్తలేదని, నలభై ఏళ్ల అంబర్ అమ్మ మానేసింది.

ఇంకో బాధ ఉంది. మా బస్టాండ్ దగ్గర పాన్ డబ్బాల్లో సిగరెట్లు విడిగా అమ్ముతారు. ఇంటర్ పిల్లలు ఒక్కటి కొనుక్కుని అక్కడే ముట్టిస్తారు. పెట్టె డబ్బావాడి దగ్గరే ఉంటుంది, బొమ్మ వాడొక్కడే చూస్తాడు.