మాయాలోకానికి దారి దొరికితే ఇల్లూ వాకిలీ వదిలి వెళ్ళిపోవాలా?

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. నీకు 23 ఏళ్ళు. బీటెక్ అయ్యాక ఉద్యోగం రాలేదు. కావలి దగ్గర మీ నాన్న రొయ్యల గుంటలు చూసుకుంటున్నావు. రాత్రి కాపలాలో ఫోన్‌లో యానిమేలు, అంటే జపాన్ వాళ్ళ బొమ్మల సీరియళ్ళు చూస్తావు. మామూలు కుర్రాడు యాక్సిడెంట్‌లో పోయి ఇంకో లోకంలో వీరుడిగా పుడతాడు చూడు, ఆ రకం కథలు. అలాంటి లోకానికి నిజంగా దారి తెరుచుకుంటే అన్నీ వదిలేసి శాశ్వతంగా వెళ్ళిపోవచ్చా, మీరైతే వెళ్తారా అని అడిగావు.

నేనైతే వెళ్ళను. అలాగని నీ కోరికను తీసిపారేయడం లేదు. చాలా ఏళ్ళు నా సొంత లోకంలో బతికినవాణ్ణి కాబట్టే ఈ మాట చెప్తున్నాను.

ముందు ఒక్క విషయం సూటిగా అడుగుతాను. ఆ కథల్లో దారి చావుతోనే మొదలవుతుంది. నువ్వు "వెళ్ళిపోవాలి" అంటున్నదాంట్లో ఆ అర్థం కొంచెమైనా ఉంటే, మిగతాది తర్వాత చదువుదువుగానీ, ముందు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన సర్వీసు అది. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రి అయినా ఎత్తుతారు. గుంట గట్టు మీద కూర్చునే మాట్లాడొచ్చు.

ఇక నా సంగతి. మాది చీమకుర్తి. మా నాన్న క్వారీలో డంపర్ నడిపేవాడు. మా ఊరి రాయిని బ్లాక్ గెలాక్సీ అంటారు, ఎక్కడెక్కడి దేశాలకో వెళ్తుంది. నల్లటి రాయి నిండా బంగారు రంగు చుక్కలుంటాయి. బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల ఆ మెరుపు. ఫ్యాక్టరీల పక్కన పారేసిన ముక్కలు ఏరుకొచ్చి, నీళ్ళతో తడిపి గంటలకొద్దీ చూసేవాణ్ణి. భూమి కింద ఇంకో ఆకాశం ఉందనీ, దాని కింద ఒక రాజ్యం ఉందనీ నాకు గట్టి నమ్మకం. ఆ రాజ్యం నాతోపాటే పెరిగింది. దానికి వీధులు వచ్చాయి, పండగలు వచ్చాయి, పగలూ ప్రతీకారాలూ వచ్చాయి.

ఒంగోల్లో గది తీసుకుని గ్రూప్స్‌కు చదివే రోజుల్లో అది నన్ను పూర్తిగా పట్టేసింది. సాయంత్రం డాబా ఎక్కి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, అటూ ఇటూ నడుస్తుంటే చాలు, లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి. కిందికి దిగేసరికి మెస్ కట్టేసి ఉండేది. నోటిఫికేషన్ టెన్షన్, ఇంటి నుంచి డబ్బులు అడగడం, పక్క గదివాళ్ళ మార్కులు, ఇవేవీ అక్కడికి రావు. ఇలా నడుస్తూ, పాటలు వింటూ గంటల తరబడి కలలో ఉండిపోయేవాళ్ళ గురించి ఇజ్రాయెల్‌కు చెందిన మానసిక నిపుణుడు ఎలీ సోమర్ 2002లోనే రాశాడని తర్వాత తెలిసింది. మాల్‌అడాప్టివ్ డేడ్రీమింగ్, అంటే బతుకుకు అడ్డొచ్చే పగటికలలు అని ఆయన పేరు పెట్టాడు. నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని తెలిశాక నాకు గొప్ప ఊరట కలిగింది. నీకూ కలగాలనే చెప్తున్నాను.

నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం మా మేనమామ. ఆయనది టంగుటూరు వైపు. పొగాకు రైతు, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ ఉంది. శివరాత్రికీ, శ్రీరామనవమికీ, తిరునాళ్ళకీ పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం వేస్తాడు. మన వైపు పద్యనాటకం అంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు కదా. హార్మోనియం శ్రుతి అందుకుంటే పెద్దవాళ్ళు తెల్లార్లూ కదలరు. రాగం బాగా తీస్తే వన్స్ మోర్ అంటారు, పద్యం మళ్ళీ పాడాల్సిందే.

ఒకసారి ఆయన వెంట వెళ్ళి గ్రీన్‌రూమ్‌లో కూర్చున్నాను. ముఖానికి నీలం రంగు పూసి కిరీటం పెట్టాక ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. వయసులో పెద్దవాళ్ళు కూడా వచ్చి దణ్ణం పెట్టారు. స్టేజీ మీద రాయబారం సీనులో ఆయన నిలబడ్డ తీరు చూస్తే, ఎరువుల కొట్టు దగ్గర బాకీకి గడువు అడిగే మనిషి ఇతనేనా అనిపించింది. తెల్లవారుజామున కొబ్బరినూనెతో రంగు తుడుచుకుని, టీ తాగి, తిన్నగా బ్యారన్ దగ్గరికి వెళ్ళాడు. లోపల ఆకు ఉంది. క్యూరింగ్ నడిచే రోజుల్లో వేడి తప్పకూడదు, తప్పితే రంగు పోతుంది, వేలంలో రేటు పోతుంది.

"మామా, ఆ వేషంలోనే ఉండిపోవాలని అనిపించదా?" అని అడిగాను.

"ఎందుకు అనిపించదు అల్లుడూ, ప్రతిసారీ అనిపించుద్ది. కానీ కిరీటం పెట్టుకుని బజార్లో తిరిగితే జనం దణ్ణం పెడతారా, పిచ్చోడంటారా? నేను రాత్రంతా కృష్ణుడినని పొయ్యి ఆగుద్దా?" అన్నాడు. ఆ మాట అంటూనే కట్టెలు ఎగదోశాడు. ఆయన గొంతులో బాధ లేదు. ఆ రాత్రి ఎంత నిజమో ఈ పొద్దు కూడా ఆయనకు అంతే నిజం.

అప్పటినుంచి నా రాజ్యాన్ని కొంచెం దూరంగా నిలబడి చూడటం మొదలుపెట్టాను. అందులో నేను రాజును కాదు, కత్తి పట్టినవాణ్ణీ కాదు. జనం తగాదాలు తెచ్చుకుంటే విని తీర్పు చెప్పేవాణ్ణి. ఎప్పుడూ అదే వేషం. ఒంగోలు గదిలోనేమో రోజుల తరబడి నా మాట వినడానికి ఎవరూ లేరు. అంటే నాకు కావలసింది భూమి కింద ఆకాశం కాదు, ఎవరో ఒకరు వచ్చి "నువ్వు చెప్పు" అనడం. మెస్‌లో కలిసే జూనియర్లకు పాలిటీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. చిన్న పనే. కానీ డాబా మీద నడిచే సమయం దానంతటదే తగ్గింది.

నీ లోకంలో నువ్వు ఎవరివి, తమ్ముడూ? వీరుడివా, వైద్యుడివా, స్నేహితుల గుంపులో ఒకడివా? అక్కడ నీకు దొరికేదేమిటో తెలిస్తే, ఇక్కడ నీకు కరువైందేమిటో తెలుస్తుంది. ఇది మాత్రం కూర్చుని నిజాయితీగా ఆలోచించు.

ఆ కథల్లో నాకు ఎప్పుడూ తోచే సంగతి ఇంకొకటుంది. వెళ్ళినవాడు అక్కడ గెలిచేది చాలాసార్లు ఇక్కడ నేర్చుకున్నదానితోనే. వంట వచ్చి ఉంటుంది, లేదా సేద్యం, మందులు, లెక్కలు ఏదో ఒకటి తెలిసి ఉంటుంది. నువ్వు గుంటల దగ్గర చేస్తున్నదాన్నే చూడు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుందని నీకు తెలుసు. కరెంటు పోతే ఎంతసేపట్లో జనరేటర్ వేసి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పాలో తెలుసు. చెక్ ట్రేలో మిగిలిన మేత చూసి రొయ్య ఎలా ఉందో చెప్పగలవు. నీ వయసు కుర్రాళ్ళలో ఈ విద్య ఎంతమందికి ఉంది? మనకు రోజూ చేసే పని కాబట్టి విద్యలా కనబడదు, అంతే.

పైగా వెళ్తే వీరుడిగానే వెళ్తామని ఎవరు మాటిచ్చారు? ఆ కోటలకూ రాయి కొట్టేవాళ్ళుంటారు. క్వారీ దుమ్ములో మా నాన్న దగ్గు విన్నవాణ్ణి కాబట్టి, కోట బొమ్మ చూడగానే నాకు ముందు ఆ కొట్టేవాళ్ళే గుర్తొస్తారు.

ఇంకొకరి చేతిలో తాళం ఉన్న లోకాన్ని అసలు నమ్మొద్దు. మా చిన్నాన్న కొడుకు పగలూ రాత్రీ పబ్జీలోనే ఉండేవాడు. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం 118 యాప్‌లు నిషేధించింది, అందులో పబ్జీ మొబైల్ ఒకటి. అక్టోబర్ 30 నుంచి మన దేశంలో పూర్తిగా ఆగిపోయింది. వాడు అందులో సంపాదించుకున్న పేరు, ర్యాంకు ఒక్కరోజులో లేకుండా పోయాయి. వాడు ఏడ్చాడు. ఇంట్లోవాళ్ళకు నవ్వొచ్చింది, నాకు మాత్రం రాలేదు.

హద్దు ఎక్కడ అంటావా? గేమ్‌ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక కొలత పెట్టింది, 2022 నుంచి అమల్లో ఉన్న వ్యాధుల జాబితాలో అది ఉంది. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే అదే ముందుకు రావడం, నష్టం కనబడుతున్నా సాగించడం, ఇది మామూలుగా కనీసం 12 నెలలు నడవడం. నీ యానిమేలకూ ఊహలకూ అది అచ్చంగా వర్తించకపోయినా నిన్ను నువ్వు చూసుకోవడానికి పనికొస్తుంది. అలా ఉంటే డాక్టర్ని కలవడానికి సిగ్గుపడకు. నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులున్నాయి. మానసిక వైద్యుల ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో అక్కడే అడుగు.

నా రాజ్యం ఏమైందంటావేమో. ఉంది. ఇప్పుడు నోటు పుస్తకాల్లో ఉంది. ఊహలో ఉన్నంతకాలం ఆ కోటలో జనం నీళ్ళు ఎలా తాగుతారో నేను ఆలోచించలేదు. రాయబోతే మొదటి పేజీలోనే ఆ ప్రశ్న వచ్చింది. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో వంగిపోయిన మనుషుల్ని చూశాను, సాగర్ కాలువ నీళ్ళతో నిండే రామతీర్థం రిజర్వాయర్ని చూశాను. ఆ రెండూ వచ్చి నా కథలో చేరాయి. డాబా మీద నడిచినప్పటికంటే ఇప్పుడే ఆ రాజ్యం నాకు ఎక్కువ నచ్చుతోంది. పగలు గ్రానైట్ ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాలు చూసే ఉద్యోగం, రాత్రి కాసేపు రాత. మా అన్న కూతురు ప్రతి అధ్యాయం వింటుంది, నచ్చకపోతే మొహమాటం లేకుండా చెప్తుంది.

యానిమేలు మానేయమని నేను చెప్పను. నీకు నచ్చిన లోకం ఉండటం మంచిదే. కాపలాకు వెళ్ళేటప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకెళ్ళు, నీ లోకంలో మొదటి ఊరి గురించి రాయి. అక్కడివాళ్ళు ఏం తింటారో, ఎవరికి బాకీ ఉన్నారో కూడా రాయి. మామ బృందానికి తెర వెనక ప్రాంప్టింగ్ ఇప్పుడు నేనే చేస్తున్నాను. వచ్చే శివరాత్రికి నాటకం ఖాయమైతే కబురు చేస్తాను. కావలి నుంచి టంగుటూరుకు రైలుంది. రాత్రికి గుంటలు చూసే మనిషిని మాట్లాడి పెట్టుకుని రా.